రెండంగుళాలు లేపితే ఏమేం మారతాయి?

ఆఫ్‌రోడ్ బండి ఎత్తు పెంచడం ఒక్కపూట పని. దాంతో చెదిరిన సస్పెన్షన్ జామెట్రీని మళ్లీ దారికి తేవడానికి మాత్రం లెక్క రావాలి. మెకానికల్, ఆటోమొబైల్ చదివి కోర్ ఉద్యోగం కోసం చూస్తున్నారా? అయితే ఈ ఒక్క అంశాన్ని గట్టిగా పట్టుకోండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి కావాల్సినంత సరుకు ఇందులో ఉంది.

'నీ జీపును రెండంగుళాలు లేపావు. ఏమేం మారాయి?'

బీటెక్ ఫైనలియర్‌లో నేను వెళ్లిన మొదటి కోర్ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. ఇంత తేలికైన ప్రశ్నా అనుకుని 'గ్రౌండ్ క్లియరెన్స్ పెరుగుతుంది సార్' అన్నాను. 'ఎక్కడ?' అన్నారాయన. 'బండి కింద సార్'. 'డిఫరెన్షియల్ కింద కూడా పెరుగుతుందా?' నేను తల ఊపాను. ఆయన నవ్వి నా రెజ్యుమెను పక్కన పెట్టేశారు. ఉద్యోగం రాలేదు. మార్కులు తక్కువై పోయిందని చాన్నాళ్లు అనుకున్నాను. అసలు కారణం ఆ ఒక్క జవాబే అని ఆలస్యంగా అర్థమైంది.

నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు. అందుకే ఈ ప్రశ్నకు పూర్తి జవాబు కలిసి వెతుకుదాం.

ముందు ఆ 'ఎక్కడ?' సంగతి

సుజుకీ జిమ్నీని తీసుకోండి. మన దేశంలో 2023లో అమ్మకానికి వచ్చింది. ముందు, వెనక రెండూ సాలిడ్ యాక్సిల్సే. అంటే కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ ఒకే గట్టి ఇరుసు కలుపుతుంది. దాని మధ్యలో డిఫరెన్షియల్ గుండు ఉంటుంది. స్ప్రింగులు కూర్చునేది ఆ ఇరుసు మీద. మీరు పొడవైన స్ప్రింగులు వేస్తే ఇరుసు పైన ఉన్న ఛాసిస్, బాడీ లేస్తాయి. ఇరుసు మాత్రం టైర్ల మీద ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కాబట్టి డిఫరెన్షియల్ కింద ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు!

మరి పెరిగిందేంటి? ఛాసిస్ పొట్ట కింద ఖాళీ, ముందు బంపర్ దగ్గర అప్రోచ్ యాంగిల్, వెనక డిపార్చర్ యాంగిల్. గట్టు ఎక్కేటప్పుడు ఇవి పనికొస్తాయి. డిఫరెన్షియల్ కింద కూడా ఖాళీ కావాలంటే టైరు పెద్దది కావాలి. జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. దాని వ్యాసం 693 మి.మీ. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే వ్యాసం 733.5 మి.మీ. అవుతుంది. అందులో సగమే, అంటే దాదాపు 20 మి.మీ. మాత్రమే ఇరుసు పైకి లేస్తుంది. దీనికో మూల్యం కూడా ఉంది. వ్యాసం 5.8 శాతం పెరిగింది కాబట్టి స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి నిజానికి 84 దాటి పోతుంటుంది.

2020లో వచ్చిన మహీంద్రా థార్ సంగతి వేరు. దీనికి ముందు వైపు డబుల్ విష్‌బోన్ ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక సాలిడ్ యాక్సిల్. ముందు డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కే బిగిస్తారు కాబట్టి బండి లేస్తే అదీ లేస్తుంది. వెనకది లేవదు. ఒకే బండిలో ముందు ఒక జవాబు, వెనక ఇంకో జవాబు! ఇంటర్వ్యూలో 'ఏ రకం సస్పెన్షన్ సార్?' అని మీరు తిరిగి అడిగితే చాలు. సబ్జెక్టు తెలుసని అక్కడే తెలిసిపోతుంది.

జనగామ దాటాక స్టీరింగ్ ఊగింది

రెండేళ్ల కిందట మా సీనియర్ అన్న ఒకరు తన జిమ్నీకి రెండంగుళాల లిఫ్ట్ చేయించాడు. గ్యారేజీలో స్ప్రింగులు, షాకబ్జర్లు మార్చి బండి ఇచ్చేశారు. 'గంతే అన్నా, బండి లేసింది. అలైన్‌మెంట్ గూడ చేయించినం. ఇంకేం గావాలె?' అన్నాడు మెకానిక్. హన్మకొండ వీధుల్లో బండి బాగానే నడిచింది. అందరూ తిరిగి చూశారు. అన్న ఖుషీ అయ్యాడు.

ఆ వారమే 163వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ బయల్దేరాం. వేగం పెరిగేకొద్దీ బండి నిటారుగా పోవడం లేదు. అన్న చేతులు స్టీరింగ్ మీద కుదురుగా ఉండటం లేదు. మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావడం లేదు. జనగామ దాటాక ఒక చిన్న గుంతలో ముందు చక్రం పడింది. అంతే, స్టీరింగ్ కుడికీ ఎడమకీ టకటకా కొట్టుకోవడం మొదలైంది. యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా వేగం తగ్గించి రోడ్డు పక్కన ఆపాం. వెనక సీట్లో వదిన, పాప ఉన్నారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అక్కడే నాకు ఆ ఇంటర్వ్యూ ప్రశ్న గుర్తొచ్చింది.

మొదటి తప్పు: క్యాస్టర్

సైకిల్‌ను పక్క నుంచి చూడండి. ముందు ఫోర్క్ నిట్టనిలువుగా ఉండదు. పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలేసినా సైకిల్ కాసేపు సూటిగా పోవడానికి ఈ వాలు కూడా ఒక కారణం. కారు ముందు చక్రం తిరిగే ఇరుసుకు కూడా ఇలాంటి వాలే ఉంటుంది. దాన్నే క్యాస్టర్ అంటాం. ఇది తగినంత ఉంటే తిప్పిన స్టీరింగ్ తిరిగి మధ్యకు వస్తుంది. తగ్గితే బండి రోడ్డు మీద అటూఇటూ తడుముకుంటుంది.

ఎత్తు పెంచితే ఇది ఎందుకు తగ్గాలి? జిమ్నీ ముందు యాక్సిల్‌ను ఛాసిస్‌తో కలిపే ఆర్మ్స్ ఉంటాయి. వాటి ఒక కొస వెనక ఛాసిస్ దగ్గర, ఇంకో కొస ముందు యాక్సిల్ దగ్గర. ఛాసిస్ లేచినప్పుడు వెనక కొస పైకి పోతుంది. ముందు కొస యాక్సిల్‌తో పాటు కిందే ఉంటుంది. ఆర్మ్ ముందుకు వాలిపోతుంది. యాక్సిల్ ఆ ఆర్మ్‌కు గట్టిగా బిగించి ఉంటుంది కాబట్టి అదీ ముందుకు తిరుగుతుంది. వెనక్కి వాలి ఉండాల్సిన క్యాస్టర్ ఆ మేరకు పోతుంది.

ఎంత పోతుందో ఇంటర్ త్రికోణమితితో తేల్చొచ్చు. ఉదాహరణకు ఆర్మ్ పొడవు 700 మి.మీ. అనుకుందాం. లిఫ్ట్ 50 మి.మీ. 50ని 700తో భాగిస్తే 0.071 రేడియన్లు. డిగ్రీల్లో చెప్పాలంటే దాదాపు 4. చాలా బండ్లకు కంపెనీ ఇచ్చే క్యాస్టర్ మొత్తమే కొద్ది డిగ్రీలు. అందులోంచి నాలుగు తీసేస్తే ఏం మిగులుతుంది?

మరి అలైన్‌మెంట్ చేయించారు కదా అంటారా? చిక్కు అక్కడే ఉంది. ఇలాంటి సాలిడ్ యాక్సిల్‌కు కంపెనీ అమర్చిన భాగాలతో సర్దగలిగేది టో ఒక్కటే. అంటే చక్రాల ముందు భాగాలు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అన్నది. క్యాస్టర్ సర్దడానికి అక్కడ బోల్టే ఉండదు. టో సరిచేసి 'అలైన్‌మెంట్ ఓకే' అని పంపించేస్తారు. మేం ఇంకో చోట క్యాస్టర్ కొలిపిస్తే, ఉండాల్సిన దానికంటే సుమారు మూడున్నర డిగ్రీలు తక్కువని ప్రింట్ వచ్చింది.

దీన్ని సరిచేయడానికి మూడు మార్గాలు. రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు ఉండే క్యాస్టర్ బుష్‌లు, వంపు సరిచేసి తయారుచేసిన కొత్త ఆర్మ్స్, లేదా ఆర్మ్ ఛాసిస్‌కు తగిలే చోటును కిందికి దించే బ్రాకెట్లు. పాత మహీంద్రా ఎంఎం 540 లాంటి కమాన్ పట్టీల జీపులకైతే పట్టీకీ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు బిళ్లలు పెడతారు. పని ఒకటే. తిరిగిపోయిన యాక్సిల్‌ను మళ్లీ వెనక్కి తిప్పడం.

ఇంకో మాట. స్టీరింగ్ అలా కొట్టుకోవడానికి క్యాస్టర్ ఒక్కటే కారణమని చెప్పేస్తే మళ్లీ తప్పు జవాబే. అరిగిన బుష్‌లు, లూజైన బోల్టులు, బ్యాలెన్స్ లేని టైర్లు దానికి తోడవుతాయి. మా అన్న బండిలో పాన్‌హార్డ్ రాడ్ బోల్టు కూడా సరిగా బిగించలేదని తర్వాత తెలిసింది.

రెండో తప్పు: పక్కకు జరిగిన ఇరుసు

పాన్‌హార్డ్ రాడ్ అంటే యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టుకునే అడ్డకడ్డీ. ఒక కొస ఛాసిస్‌కు, ఇంకో కొస యాక్సిల్‌కు. గోడకు ఆనించిన నిచ్చెనను ఊహించుకోండి. పై కొసను ఇంకా పైకి నెడితే కింది కొస గోడ వైపు జరుగుతుంది. ఇక్కడా అదే జరుగుతుంది. ఛాసిస్ లేస్తే యాక్సిల్ పక్కకు జరుగుతుంది. ఒక వైపు టైరు బయటికి, ఇంకో వైపు టైరు లోపలికి కనిపిస్తాయి.

ఎంత జరుగుతుంది? కడ్డీ పొడవు 900 మి.మీ. అనుకోండి. మొదట అది సమాంతరంగా ఉంటే 50 మి.మీ. లిఫ్ట్‌కు యాక్సిల్ జరిగేది 1.4 మి.మీ. మాత్రమే. కానీ మొదటే దాని రెండు కొసల మధ్య 100 మి.మీ. ఎత్తు తేడా ఉంటే, అదే లిఫ్ట్‌కు 7 మి.మీ. జరుగుతుంది. పైథాగరస్ సిద్ధాంతంతో మీరే లెక్కేసి చూడండి. లిఫ్ట్ ఒకటే, ఫలితం అయిదింతలు. అందుకే 'రెండంగుళాల లిఫ్ట్‌కు ఏం కాదు' అనే మాటకు అర్థం లేదు. ఆ బండి ఎక్కడి నుంచి మొదలైందన్నదే ముఖ్యం.

పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్ వేస్తే యాక్సిల్ మధ్యకు వస్తుంది. అక్కడితో అయిపోలేదు. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాలకు వెళ్లే డ్రాగ్ లింక్ అని ఇంకో కడ్డీ ఉంటుంది. ఈ రెండు కడ్డీల వాలు ఒకేలా, పొడవు దాదాపు సమానంగా ఉండాలి. అప్పుడే గుంతలో చక్రం లేచినప్పుడు రెండూ ఒకే చాపంలో కదులుతాయి. వాలు తేడా వస్తే మీరు స్టీరింగ్ తిప్పకపోయినా చక్రం తిరుగుతుంది. దాన్నే బంప్ స్టీర్ అంటారు. పాన్‌హార్డ్ బ్రాకెట్ ఒక్కదాన్నే కిందికి దించి డ్రాగ్ లింక్‌ను వదిలేస్తే, బాగుచేయబోయి కొత్త జబ్బు తెచ్చినట్టే.

మూడో తప్పు: సిలబస్‌లో ఉన్న హుక్స్ జాయింట్

కైనమాటిక్స్ పేపర్‌లో హుక్స్ జాయింట్ చదివి ఉంటారు. పరీక్ష రాసి మర్చిపోయి ఉంటారు కూడా! గ్యారేజీలో 'క్రాస్' అనే యూనివర్సల్ జాయింట్ అదే. రెండు షాఫ్టుల మధ్య కోణం ఉంటే, మొదటిది ఒకే వేగంతో తిరిగినా రెండోది ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం పెంచుకుని, రెండుసార్లు తగ్గించుకుంటుంది. కోణం 5 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గుల మొత్తం 0.8 శాతం లోపే. 10 డిగ్రీలైతే 3 శాతం. 15 అయితే దాదాపు 7 శాతం. కోణం రెండింతలైతే తేడా నాలుగింతలు అవుతోంది, గమనించారా?

బండి లేస్తే గేర్‌బాక్స్ వైపు కొస పైకి పోతుంది, యాక్సిల్ వైపు కొస కిందే ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇంకా ఏటవాలుగా మారుతుంది. రెండు కొసల జాయింట్ల దగ్గర కోణాలు సమానంగా ఉంటే ఒకదాని హెచ్చుతగ్గును ఇంకోటి రద్దు చేస్తుంది. లిఫ్ట్ వల్ల యాక్సిల్ తిరిగిపోతే ఆ సమానత్వం పోతుంది. సీటు కింద వణుకు మొదలవుతుంది. కొన్నాళ్లకు క్రాస్ పోతుంది.

ఇక్కడ అసలు తిరకాసు ఒకటుంది. ముందు యాక్సిల్‌లో క్యాస్టర్ కోసం దాని పైభాగాన్ని వెనక్కి తిప్పుతాం కదా. డిఫరెన్షియల్ ముక్కు, అంటే పినియన్, వెనక వైపు చూస్తుంటుంది. యాక్సిల్‌ను వెనక్కి తిప్పితే ఆ ముక్కు నేల వైపు వంగుతుంది. షాఫ్ట్ కోణం పెరుగుతుంది. క్యాస్టర్ బాగుపడితే షాఫ్ట్ చెడుతుంది, షాఫ్ట్ బాగుపడితే క్యాస్టర్ చెడుతుంది! రెండూ ఒకే ఇనుప ముక్క మీద ఉన్నాయి కాబట్టి తప్పదు. ఎక్కడ రాజీపడాలో నిర్ణయించేవాడే ఇంజినీర్. లిఫ్ట్ తక్కువగా ఉంచడం మొదటి పరిష్కారం అని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

థార్ లాంటి బండిలో?

ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో జబ్బులు వేరు. స్ప్రింగు పైన స్పేసర్ పెట్టి లేపితే కంట్రోల్ ఆర్మ్స్ కిందికి వంగుతాయి. చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం, అంటే క్యాంబర్, మారుతుంది. టో మారుతుంది. చక్రాలకు శక్తినిచ్చే డ్రైవ్ షాఫ్టుల సీవీ జాయింట్లు ఎక్కువ కోణంలో పనిచేయాల్సి వస్తుంది. వాటి రబ్బరు బూట్లు చిరిగితే గ్రీజు కారిపోయి, దుమ్ము చేరి జాయింట్ పాడవుతుంది. పైగా చక్రం గుంతలోకి దిగడానికి ఉన్న కదలికలో కొంత లిఫ్టే తినేస్తుంది. అంటే ఆఫ్‌రోడ్ కోసం లేపిన బండి ఆఫ్‌రోడ్‌లోనే చక్రం గాల్లోకి లేపేస్తుంది. కొత్త అప్పర్ ఆర్మ్స్ వేయడం, డిఫరెన్షియల్‌ను కొంచెం కిందికి దించడం, ఆపైన పూర్తి అలైన్‌మెంట్.. ఇవీ సరిచేసే మార్గాలు.

సరిచేసే వరుస ఇదీ

- లేపకముందే కొలవాలి: నాలుగు చక్రాల దగ్గర హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు ఎత్తు, క్యాస్టర్, క్యాంబర్, టో ప్రింట్, పినియన్ కోణం. ఇవి లేకపోతే తర్వాత ఏం మారిందో చెప్పలేరు.
- అరిగినవి ముందు మార్చాలి: బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగులు. లూజు భాగాల మీద జామెట్రీ సరిచేయడం వృథా.
- బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు చూడాలి: చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు అవి బిగుసుకుపోకూడదు. బంప్ స్టాప్‌లు, షాకబ్జర్ పొడవు కూడా కొత్త ఎత్తుకు సరిపోవాలి.
- తర్వాత క్యాస్టర్. దాంతోపాటే పినియన్ కోణం చూసుకోవాలి.
- తర్వాత పాన్‌హార్డ్ రాడ్‌తో యాక్సిల్‌ను మధ్యకు తేవాలి. డ్రాగ్ లింక్ వాలు పోల్చాలి. స్టీరింగ్ నిటారు చేయాలి.
- టో చివర్లోనే. ముందు చేస్తే పై మార్పులు దాన్ని మళ్లీ చెడగొడతాయి.
- హెడ్‌లైట్ల ఎత్తు, స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ క్యాలిబ్రేషన్ మర్చిపోవద్దు.

బుష్‌తో సరికానిది

పై వరుసంతా పాటించినా ఒకటి మాత్రం వెనక్కి రాదు. గరిమనాభి ఎత్తు. బోల్తా ముప్పును అంచనా వేయడానికి ఒక తేలిక సూత్రం ఉంది. రెండు చక్రాల మధ్య వెడల్పును, గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. దీన్ని స్టాటిక్ స్టెబిలిటీ ఫ్యాక్టర్ అంటారు. వెడల్పు 1.4 మీటర్లు, ఎత్తు 0.65 మీటర్లు అనుకుంటే 1.08 వస్తుంది. గరిమనాభి 50 మి.మీ. లేస్తే 1.00 అవుతుంది. ఈ సంఖ్య తగ్గేకొద్దీ మలుపులో బోల్తా పడే ముప్పు పెరుగుతుంది. ఏ అలైన్‌మెంట్ మిషన్ కూడా దీన్ని ప్రింట్‌లో చూపించదు.

చట్టం సంగతి కూడా తెలియాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది తెచ్చిన సవరణలో సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని చేర్చారు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గరా పేచీ వస్తుంది. ఇక పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా బండి తోలడం వన్యప్రాణి చట్టం కింద ఇంకో నేరం.

మా అన్న ఏం చేశాడంటారా? క్యాస్టర్ బుష్‌లు వేయించాడు, రాడ్ సరిచేయించాడు. బండి మళ్లీ సూటిగా నడిచింది. అయినా బీమా రెన్యువల్ సమయంలో ఫారం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత పాత స్ప్రింగులు మళ్లీ వేయించుకున్నాడు. 'పాపను ఎక్కించుకునే బండి గదరా' అన్నాడు. నాకైతే ఆ మొత్తం వ్యవహారంలో అదే మంచి ఇంజినీరింగ్ నిర్ణయం అనిపించింది.

మరి మీకు దీంతో ఉద్యోగం ఎలా?

వరంగల్‌లో మెకానికల్ చదివే వాళ్లలో చాలామంది 'కోర్‌లో ఉద్యోగాల్లేవు' అంటూ థర్డ్ ఇయర్‌లోనే కోడింగ్ వైపు మళ్లుతున్నారు. కోడింగ్ నేర్చుకోవడం మంచిదే. కానీ 1959లో దేశంలో తొలి ఆర్ఈసీ పుట్టిన ఊళ్లో ఉంటూ, చదివిన సబ్జెక్టునే వదిలేయడం ఎందుకు? హైదరాబాద్‌లోనే హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, జడ్ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. చెన్నై దగ్గర మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ, పుణెలో ఏఆర్ఏఐ ఉన్నాయి. ఛాసిస్ డిజైన్, వెహికల్ డైనమిక్స్, మల్టీబాడీ సిమ్యులేషన్, ఎన్‌వీహెచ్, టెస్టింగ్.. ఈ పేర్లతో వచ్చే నోటిఫికేషన్లను గమనించండి. ఈ వ్యాసంలో మనం మాట్లాడుకున్నదంతా ఆ పనుల్లో భాగమే.

బండి లేపకుండానే ప్రాజెక్టు చేయొచ్చు. నాలుగు వారాంతాలు చాలు.

మొదటి వారం: కాలేజీ వర్క్‌షాప్‌లోని ఛాసిస్ గానీ, తెలిసినవాళ్ల జీపు గానీ తీసుకోండి. బండిని చదునైన చోట కదలకుండా ఆపి టేపు, తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండు, ఫోన్‌లో వాలు కొలిచే యాప్‌తో ఆర్మ్స్, రాడ్ల కొసలు ఎక్కడున్నాయో కొలవండి. జాకీ మీద నిలిపిన బండి కిందికి మాత్రం దూరొద్దు. స్టాండ్లు తప్పనిసరి.

రెండో వారం: ఆ కొలతలను ఎక్సెల్‌లో పెట్టండి. 10 మి.మీ. చొప్పున ఎత్తు పెంచుతూ క్యాస్టర్, యాక్సిల్ జరుగుడు, షాఫ్ట్ కోణం ఎలా మారతాయో గ్రాఫ్ గీయండి.

మూడో వారం: అదే లెక్కను మ్యాట్‌ల్యాబ్ లేదా పైథాన్‌లో రాయండి. కాలేజీ ల్యాబ్‌లో ఆడమ్స్ కార్ ఉంటే అందులో సరిచూడండి. కోడింగ్ నైపుణ్యం కూడా ఇక్కడే కనిపిస్తుంది.

నాలుగో వారం: రెండు పేజీల నివేదిక రాయండి. ఏం కొలిచారు, ఏం తేలింది, మీ లెక్క ఎక్కడ తప్పొచ్చు.. ఈ మూడూ ఉండాలి. మూడోది రాసేవాళ్లు తక్కువ. అడిగేవాళ్లు ఎక్కువ.

నిజంగా బండి తయారుచేయాలని ఉంటే బాహా ఎస్ఏఈ ఇండియా పోటీ ఉంది. 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలైంది. ఒక్కరే కూర్చునే ఆఫ్‌రోడ్ బగ్గీని విద్యార్థులే డిజైన్ చేసి, తయారుచేసి, నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసులో నడపాలి. అక్కడ సస్పెన్షన్ విభాగం తీసుకోండి. ఎత్తు పెంచుకోవడానికి చట్టం అడ్డురాని బండి అది. పైగా జామెట్రీని మొదటి గీత నుంచి మీరే నిర్ణయిస్తారు.

ఇంటర్వ్యూకు ముందు ఈ ప్రశ్నలకు జవాబు మీ మాటల్లో చెప్పి చూసుకోండి.

- సాలిడ్ యాక్సిల్ బండిని లేపితే డిఫరెన్షియల్ కింద ఖాళీ ఎందుకు పెరగదు?
- క్యాస్టర్ సరిచేస్తే ముందు పినియన్ కోణం ఏమవుతుంది?
- అలైన్‌మెంట్‌లో టో చివర్లోనే ఎందుకు?
- బంప్ స్టీర్ రాకుండా ఏ రెండు కడ్డీలు ఒకే వాలులో ఉండాలి?
- ఏ భాగం మార్చినా సరికానిది ఏది?

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. 'రెండంగుళాలు లేపావు. ఏమేం మారాయి?' ఆరోజు నేను 'గ్రౌండ్ క్లియరెన్స్' అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. మీరైతే ముందు 'ఏ సస్పెన్షన్ సార్?' అని అడగండి. ఆ తర్వాత కాగితం, పెన్ను ఇమ్మని అడిగి ఒక ఆర్మ్, ఒక రాడ్, ఒక షాఫ్ట్ గీయండి. మిగతాది ఆ మూడు గీతలే చెప్పిస్తాయి.